బుడమేరు పక్కన స్థలం చవకేనా?

ప్రశ్న: నేను విజయవాడలో ప్రైవేటు స్కూలు టీచర్ని. మావారు ఆటోనగర్‌లో పని చేస్తారు. ఇద్దరికీ కలిపి నెలకు 52 వేలు వస్తాయి. అద్దె 9 వేలు. 9 లక్షలు కూడబెట్టాం. బుడమేరు వాగు దగ్గర 100 గజాలు 14 లక్షలకు వస్తోంది. లేఅవుట్‌కు అనుమతి లేదు గానీ అందరూ కొంటున్నారు. 20 వేలు బయానా ఇచ్చాం. మిగతా 5 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తేవచ్చా?

జవాబు: వద్దమ్మా. అనుమతి లేని స్థలానికి బ్యాంకులు అప్పివ్వవు కాబట్టే మీరు రెండు రూపాయల వడ్డీ దాకా వెళ్లారు. 5 లక్షలకు నెలకు 10 వేలు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. అద్దె ఆగదు, ఇంకా ఇల్లు కట్టాలి.

పైగా అది పల్లం. 900 చదరపు అడుగులను నాలుగడుగులు ఎత్తు చేయాలంటే 3,600 ఘనపుటడుగుల మట్టి పోయాలి. టిప్పర్ లెక్కన ఎంతవుతుందో అడిగి, ఆ 14 లక్షలకు కలపండి. మీరు మెరక చేస్తే నీళ్లు మాయం కావు, పక్క వీధి ఇళ్లలోకి మళ్లుతాయి. బుడమేరు కొల్లేటికి చేరాల్సిన వాగు. దాని దారిలో ఇళ్లు లేచేకొద్దీ 2024 సెప్టెంబరు వరదల్లాంటి రోజులు వస్తాయి. అప్పుడు సింగ్‌నగర్‌లో నా దగ్గరికి వచ్చే ఒక కుటుంబం పిల్లల సర్టిఫికెట్లను బట్టల తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరబెట్టుకుంది. ఇంజిన్‌లోకి నీళ్లు చేరి మూలపడిన స్కూటరుకు వాయిదాలు మాత్రం కడుతూనే ఉన్నారు. జీతం మీద బతికేవాళ్లకు అందే ధరలో ఇళ్లు లేకపోవడం వల్లే ఇలాంటి చోట్లకు వెళ్లాల్సి వస్తోందని నాకు తెలుసు. ఈ కొరతకు మీరు బాధ్యులు కారు, అందుకే మిమ్మల్ని ఆ నీళ్లలోకి పంపలేను.

27 లక్షల లోపు ఫ్లాటు వెతకండి, పాతదైనా సరే. ఒకే స్థలంలో నలుగురు పైకి కట్టుకుంటే వాగుకు ఆ మేరకు చోటు మిగులుతుంది. 22 లక్షల రుణానికి 8.5 శాతం వడ్డీతో, 20 ఏళ్లకు వాయిదా సుమారు 19,100 పడుతుంది. మీ చేతి డబ్బులో 5 లక్షలు ఫ్లాటుకు, సుమారు 2 లక్షలు రిజిస్ట్రేషన్‌కు పోగా 2 లక్షలు మిగులుతాయి. వాటిని కదపకండి. మీ పేరున ఎక్కడా పక్కా ఇల్లు లేకపోతే, కేంద్ర గృహ పథకం పీఎం ఆవాస్ పట్టణ 2.0 ఇచ్చే వడ్డీ రాయితీకి అర్హత ఉందేమో బ్యాంకులో అడగండి. ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం, 35 లక్షల లోపు ఇల్లు, 25 లక్షల లోపు రుణం ఉన్నవారికి గరిష్ఠంగా 1.80 లక్షలు వస్తాయి.

ఫ్లాటు చూడటానికి వెళ్లినప్పుడు కింది అంతస్తు గోడ మీద బురద గీత ఉందేమో చూడండి, నీళ్లు ఎంతవరకు వచ్చాయో అక్కడివాళ్లను అడగండి. ఆస్తి మీద పాత లావాదేవీలు, తాకట్లు చూపే ఈసీ తీయించండి, ఆ స్థలం సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో (22ఏ) లేదని నిర్ధారించుకోండి. వరదకు కూడా వర్తించే భారత్ గృహ రక్ష బీమా పాలసీ తీసుకోండి.

బయానా తిరిగి ఇమ్మని అడిగి చూడండి. ఇవ్వకపోతే వదిలేయండి. ఆ అప్పు చేసి ఉంటే రెండు నెలల్లో వడ్డీకే పోయే సొమ్ము అది.