సందేహాలు – సమాధానాలు: ‘అంకితమైన ఏకధ్వని గుళిక’

సందేహం: మా నాన్నగారు దాచుకున్న ఘంటసాల పాటల రికార్డుల కోసం ఈమధ్య ఒక మోనో కార్ట్రిడ్జ్ (రికార్డు ప్లేయర్‌లో ముల్లును పట్టుకుని, దాని కదలికను విద్యుత్తుగా మార్చే చిన్న భాగం) తెప్పించుకున్నాను. దాని గురించి తెలుగులో రాద్దామని కూర్చుని ఇలా రాశాను: “మోనో రికార్డులకు అంకితమైన ఏకధ్వని గుళిక పాటను శుభ్రం చేస్తుంది.” చదివిన మిత్రుడు ఒక్క ముక్క అర్థం కాలేదన్నాడు. తప్పెక్కడుంది? స్టీరియోను ‘ద్విధ్వని’ అనవచ్చా? రికార్డు మీద ఆనేదాన్ని సూది అనాలా, ముల్లు అనాలా?

సమాధానం: మీ వాక్యంలో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. మాటలే తలా ఒక దిక్కుకు లాగుతున్నాయి.

ముందు ‘అంకితం’ సంగతి. అంకం అంటే గుర్తు. ఒక కృతిని ఒకరి పేరు మీద గుర్తుంచి ఇవ్వడం అంకితమివ్వడం. పోతన భాగవతాన్ని రాముడికి అంకితమిచ్చాడని చెప్పుకుంటాం. అందులో ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు, వాళ్ళ మధ్య భక్తో గౌరవమో ఉండాలి. ఒక పరికరం ఒక్క పనికే వాడతారని చెప్పడానికి ఆ మాట నప్పదు. అసలు దీనికి మనకు వేరే మాటే అక్కర్లేదు, ఒక్క అచ్చు చాలు. ‘పూజకే వాడే చెంబు’, ‘పెళ్ళిళ్ళకే కట్టే చీర’ అంటాం కదా, ఆ ‘ఏ’ అన్నమాట. అవధారణార్థకం అని వ్యాకరణం దానికి పేరు పెట్టింది. ఇది తప్ప ఇంకోటి కాదని తేల్చి చెప్పడం దాని పని. ‘మోనోకే చేసిన కార్ట్రిడ్జ్’ అనండి, మీ మిత్రుడికి ఇట్టే అర్థమవుతుంది.

‘ఏకధ్వని’ అనగానే ఒకే ఒక్క శబ్దం అనిపిస్తుంది. మోనో రికార్డులో ఘంటసాల గొంతు వెనక వయొలిన్లూ తబలా అన్నీ వినిపిస్తూనే ఉంటాయి. ఒక్కటైంది ధ్వని కాదు, అది వచ్చే దారి, అంటే ఛానెల్. ‘ద్విధ్వని’ ఇంకా పెద్ద పొరపాటు. గ్రీకులో ‘మోనోస్’ అంటే ఒంటరి. ‘స్టీరియోస్’ అంటే గట్టిది, ఘనమైనది. రెండు అన్న అర్థం అందులో ఎక్కడా లేదు. 1933లో అమెరికా టెలిఫోన్ పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్ వారు ఫిలడెల్ఫియాలో వాయిస్తున్న ఆర్కెస్ట్రాను వాషింగ్టన్‌లో వినిపించారు. అప్పుడు మూడు దారుల్లో పంపారు, అదీ స్టీరియోనే. రికార్డు గాడికి రెండే గోడలు ఉండబట్టి ఇళ్ళల్లో స్టీరియో అంటే రెండు అని స్థిరపడింది. మోనో, స్టీరియో అనే రాయండి. టేప్ రికార్డర్ కొన్న ప్రతి తెలుగు ఇంటికీ ఆ మాటలు తెలుసు.

‘గుళిక’ అంటే మాత్ర. కార్ట్రిడ్జ్‌కు నిఘంటువుల్లో ‘తూటా’ అని కూడా కనిపిస్తుంది, అదీ ఇక్కడికి పనికిరాదు. ఇంగ్లీషు మాటకు మూలం ఇటాలియన్‌లో కాగితపు పొట్లం. తుపాకిమందును కాగితంలో చుట్టిన రోజుల పేరది. కార్ట్రిడ్జ్‌ను కార్ట్రిడ్జ్‌గానే ఉంచేద్దాం.

సూది, ముల్లు రెండూ తెలుగే. నా మొగ్గు ముల్లు వైపు. గడియారానికి ముల్లు, త్రాసుకు ముల్లు, చేపకు ముల్లు. ఒకదాన్ని అంటుకుని ఉండి కొస తేలినదాన్ని మనవాళ్ళు ముల్లు అన్నారు. కార్ట్రిడ్జ్ నుంచి బయటికి పొడుచుకొచ్చిన వజ్రపు మొనకు ఇంతకన్నా మంచి పేరు దొరకదు. పాత కీ గ్రామఫోన్‌లో తీసి మార్చే ఉక్కుదాన్ని మాత్రం సూది అనడమే బాగుంటుంది. అది ఆకారంలోనూ సూదే.

ఇక ‘శుభ్రం చేస్తుంది’ అన్న క్రియ. నన్ను ఎక్కువసేపు ఆపింది ఇదే, ఎందుకంటే ఇక్కడ విషయమే తారుమారైంది. మోనో రికార్డు గాడిలో పాట అంతా అడ్డంగా, ఎడమకూ కుడికీ ఊగే ఒంపుల్లో ఉంటుంది. ఆలన్ బ్లూమ్‌లైన్ అనే ఇంజనీరు 1931లో ఇంగ్లండులో పేటెంటుకు దరఖాస్తు చేసిన స్టీరియో పద్ధతిలో గాడి గోడలు చెరో 45 డిగ్రీలు వాలి ఉంటాయి, ఒక్కో గోడ మీద ఒక్కో దారి. ఆ రికార్డులు 1958 నాటికి బజారుకొచ్చాయి. వాటిని చదవాలంటే ముల్లు పైకీ కిందికీ కూడా కదలాలి, కార్ట్రిడ్జ్ ఆ కదలికనూ పట్టుకోవాలి. అలాంటి కార్ట్రిడ్జ్‌ను పాత మోనో రికార్డు మీద పెడితే, పాట లేని నిలువు కదలిక కూడా స్పీకర్లోకి వస్తుంది. అందులో ఉండేది దుమ్ము, గీతలు, అరుగుదల చేసే చిటపటలే. మోనోకే చేసిన కార్ట్రిడ్జ్ అడ్డం కదలికనే విద్యుత్తుగా మారుస్తుంది, నిలువు కదలికను పట్టించుకోదు. మురికి రికార్డులో ఉన్నచోటే ఉంటుంది, మన చెవికి చాలావరకు చేరదంతే. కాబట్టి ‘శుభ్రం చేస్తుంది’ కాదు, ‘పట్టించుకోదు’. చూడండి, ఈ పనిముట్టు గొప్పతనమంతా ఒక వ్యతిరేక క్రియలో ఉంది! శుభ్రం చేయడం మీరు మెత్తటి బ్రష్‌తో చేసే పని.

ఇప్పుడు మీ వాక్యాన్ని ఇలా మార్చవచ్చు: “మోనో రికార్డులకే చేసిన ఈ కార్ట్రిడ్జ్, ముల్లు అడ్డంగా ఊగినప్పుడే పలుకుతుంది, గాడిలోని చిటపటలను చాలావరకు పట్టించుకోదు.”

ఒక్క మాట మిగిలింది. 78 స్పీడు (నిమిషానికి 78 చుట్లు తిరిగే) ప్లేట్లు కూడా మోనోయే. అవి వినైల్ అనే ప్లాస్టిక్‌వి కావు, లక్క (షెల్లాక్) కలిపి చేసినవి. ‘షెల్లాక్’లోని ‘లాక్’, మన ‘లక్క’ రెండూ సంస్కృత ‘లాక్షా’ నుంచి వచ్చినవే, అంటే ఏటికొప్పాక బొమ్మల మీది లక్కే అది. ఆ ప్లేట్ల గాడి చాలా వెడల్పు. మోనో ఎల్పీకి (33 స్పీడు వినైల్ రికార్డుకు) ముల్లు మొన వ్యాసార్ధం సుమారు 25 మైక్రాన్లుంటే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 78 ప్లేటుకు దాదాపు మూడింతలుండాలి. మీ నాన్నగారి రికార్డుల లేబుల్ మీద ఏ స్పీడు ఉందో చూడండి. 33 ఉంటే, పై వాక్యంలో ‘మోనో రికార్డులకే’ తీసేసి ‘మోనో ఎల్పీలకే’ అని దిద్దుకోండి. 78 ఉంటే మాత్రం వాక్యం కన్నా ముందు ముల్లు మార్చాలి.