డీజిల్ లేకపోతే కొండెక్కదా?

ప్రశ్న: మేడమ్, మేం టెక్సస్‌లో, ప్లేనోలో ఉంటాం. ఇద్దరు పిల్లలతో నలుగురం. 30 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) ఒకటి చూసుకున్నాం. ఖాళీ బరువు 6,200 పౌండ్లు, సామానుతో 7,800 దాటకూడదని రాసుంది. దానికోసం గ్యాస్ (ఇక్కడ పెట్రోల్‌ని అలాగే అంటాం కదా) ఇంజిన్ ఉన్న ఫోర్డ్ ఎఫ్-250 పికప్ ట్రక్కు కొందామంటే తెలిసినవాళ్లంతా ‘కొలరాడో కొండలకి డీజిల్ లేకుండానా!’ అంటున్నారు. ఒక స్నేహితుడి గ్యాస్ ట్రక్కులో వెళ్తే ఎత్తు రాగానే ఇంజిన్ గట్టిగా అరిచింది, మా ఆవిడకి టెన్షన్ పట్టుకుంది. డీజిల్‌కి ఇంకో పదివేల డాలర్లు పెట్టాలా?

జవాబు: పెట్టక్కర్లేదండీ. మీ ట్రైలర్‌కి గ్యాస్ చాలు. ఆరేళ్లుగా నాది గ్యాస్ బండే, స్టీరింగ్ దగ్గర నేను, పక్కన మ్యాప్‌తో మావారు. (ఫోన్లో మా అమ్మకి ‘గ్యాస్ బండి కొన్నాం’ అని చెప్తే ‘గ్యాస్ బండ’ అని వినబడి, ‘సిలిండర్‌కి ఇంత సంబరమేంటే’ అంది.)

ముందు ఆ అరుపు సంగతి. ఫోర్డ్ 7.3 లీటర్ల వీ8కి 430 హార్స్‌పవర్ అంటారు కదా, అది పూర్తిగా వచ్చేది 5,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర. టార్క్ (తిప్పే బలం) అయినా 4,000 దగ్గరే గరిష్ఠం. డీజిల్ తన టార్క్‌ని 2,000 లోపే ఇచ్చేస్తుంది కాబట్టి గుట్టుగా ఎక్కుతుంది. గ్యాస్ ఇంజిన్ అరిస్తేనే పని చేస్తుంది. గేర్లు దించి 4,500 తిరుగుతోందంటే బండి కష్టంలో ఉందని కాదు, తన పని తాను చేసుకుంటోందని. మీ ఆవిడకి ఈ ముక్క ముందే చెప్పండి. మొదటి ట్రిప్‌లో మావారు డాష్‌బోర్డు పట్టుకుని కూర్చున్నారు, ఇప్పుడు అదే మోతలో నిద్రపోతున్నారు.

ఎత్తుకు వెళ్లేకొద్దీ గ్యాస్ ఇంజిన్ నీరసపడుతుందన్నది మాత్రం నిజం. ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో లేదు కాబట్టి ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు 3 శాతం బలం పోతుంది. డెన్వర్ దాటి ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టనెల్‌కి వెళ్తే అది 11,000 అడుగుల పైమాట, అంటే దాదాపు మూడోవంతు పోయినట్టే. అక్కడ నేను కుడి లేన్‌లో లారీల వెనక 40, 45 మైళ్ల వేగంతో ఎక్కుతాను. డీజిల్ వాళ్లు పక్కనుంచి వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి, సంవత్సరానికి ఆ ఇరవై నిమిషాల కోసం పదివేలు ఎందుకు?

దిగడంలో మాత్రం డీజిల్‌ది పైచేయి, దానికి ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగని అడ్డగించి ఇంజిన్‌తోనే వేగం తగ్గించేది) ఉంటుంది. మనం టో/హాల్ మోడ్ (బరువు లాగేటప్పుడు గేర్లు మార్చే తీరుని సరిచేసే బటన్) పెట్టుకుని, వాలు మొదలవకముందే గేరు దించుకోవాలి. సగం దిగాక బ్రేకు వేడెక్కిన వాసన వచ్చాక కాదు.

అసలు చూడాల్సింది మీరు అడగని విషయం, పేలోడ్, అంటే ట్రక్కు తన మీద మోయగల బరువు. డ్రైవర్ డోర్ తెరిస్తే తలుపు చట్రం మీద పసుపు, తెలుపు స్టిక్కర్ ఉంటుంది, ‘మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదు’ అని. బ్రోచర్ పక్కన పెట్టి, మీరు కొనబోయే ఆ బండి స్టిక్కర్ ఫోటో తీసుకోండి. నేను కొన్న రోజు పక్కపక్కనే ఉన్న రెండు ట్రక్కులు చూశాను. గ్యాస్ దానికి 3,040, డీజిల్ దానికి 2,260. డీజిల్ ఇంజినే బరువు, ఆ బరువంతా మీ కోటాలోంచే పోతుంది.

మీ లెక్క వేద్దాం. నిండిన ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించే కొక్కెం) మీద పడాలి. 13 అనుకుంటే 7,800కి సుమారు 1,010 పౌండ్లు. మీ నలుగురూ 600, బరువుని ముందు చక్రాలకీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ 100, ట్రక్కు వెనక తొట్టిలో జెనరేటర్, కూలర్, సైకిళ్లు 300. మొత్తం 2,010. ఆ డీజిల్ ట్రక్కులో మిగిలేది 250, గ్యాస్ దాంట్లో వెయ్యికి పైన. ‘బలమైన బండి’ కొని ఇంకో రెండు సంచులు వేయడానికి ఆలోచించేవాళ్లని చూశాను.

ఇంజిన్ కంటే నన్ను భయపెట్టింది నా సర్దుడే. మొదటి ట్రిప్‌లో అమరిల్లో దగ్గర ఐ-40 మీద ఒక పెద్ద లారీ మమ్మల్ని దాటింది. దాని గాలికి ట్రైలర్ తోక ఊగడం మొదలైంది. అద్దంలో చూస్తే ఒకసారి ఎడమ పక్క, మరోసారి కుడి పక్క, ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దది. కాలు బ్రేకు మీదకి వెళ్లబోతుంటే బలవంతంగా ఆపుకుని, యాక్సిలరేటర్ వదిలేసి, ట్రైలర్ బ్రేకులని విడిగా నడిపే బ్రేక్ కంట్రోలర్ మీటని చేత్తో నొక్కాను. ట్రైలర్ బ్రేకులు మాత్రమే పట్టి అది సర్దుకుంది. తర్వాతి ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ (లారీలని తూచే కాటా) ఎక్కించాను. బటన్ నొక్కి స్పీకర్‌లో ‘ఫస్ట్ వెయ్’ అని చెప్పడం, లోపలికెళ్లి చీటీ తీసుకోవడం, అంతే. ట్రైలర్ తగిలించి ఉండగా ట్రక్కు రెండు యాక్సిళ్లూ కలిపి 8,200. విప్పేసి మళ్లీ తూస్తే 7,560. తేడా 640, అదే హిచ్ మీది బరువు. ట్రైలర్ మొత్తం 7,520. అంటే 9 శాతం కూడా లేదు. కారణం నేనే. వెనక బంపర్‌కి సైకిళ్లు కట్టాను, వెనకే ఉన్న 50 గ్యాలన్ల నీళ్ల ట్యాంకు నింపాను. గ్యాలన్‌కి 8.3 పౌండ్లు, నీళ్లే 415! నీళ్లు వదిలేసి, సైకిళ్లు ట్రక్కులోకి మార్చాక తోక ఊగలేదు. మీరూ మొదటి ట్రిప్‌కి ముందే తూయించండి.

12,000 పౌండ్ల ఫిఫ్త్ వీల్ (ట్రక్కు తొట్టిలోకే తగిలించే పెద్ద ట్రైలర్) తీసుకుంటున్నా, కొండల్లోనే కాపురమైనా నా జవాబు వేరు. అప్పుడు డీజిలే కొనండి, కాకపోతే స్టిక్కర్ చూసి, ఇంకా ఎక్కువ మోసే ఎఫ్-350.

ప్రశ్న: గ్యాస్ ట్రక్కుతో లాగితే మైలేజీ ఎంతొస్తుంది? దారిలో బంకుల ఇబ్బంది ఉంటుందా?

జవాబు: నాకు గ్యాలన్‌కి 8 మైళ్లు వస్తుంది. ఎదురుగాలి ఉంటే 7, ఒక్కోసారి ఇంకా తక్కువ. ట్రైలర్ బరువు కంటే గాలికి అడ్డంగా నిలిచే ఆ గోడే మన గ్యాస్ తాగేస్తుంది. 34 గ్యాలన్ల ట్యాంకుతో లెక్కకి 270 మైళ్లు, నేను 200 దగ్గరే ఆపుతాను. ఇబ్బంది మైళ్లతో కాదు, మలుపులతో. డీజిల్ వాళ్లు లారీల లేన్‌లో దర్జాగా దూరతారు, మనం 50 అడుగుల పొడవుతో కార్ల పంపుల మధ్య తిరగాలి. ముందురోజు రాత్రే శాటిలైట్ మ్యాప్‌లో బంకు చూసి, బయటికి పోయే దారి ఎటుందో చూసుకుంటాను. వీలైతే చివరి వరస పంపు. ఒకసారి తొందరలో మధ్య వరసలో దూరి, వెనక్కి రావడానికి మరో నాలుగు కార్లవాళ్లని బతిమాలాల్సి వచ్చింది.