యుద్ధం ముగిసిన దేశాల్లో పని చేస్తానంటోంది, పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి వరంగల్‌లో బీఏ పొలిటికల్ సైన్స్ చివరి ఏడాది చదువుతోంది. యుద్ధాలు ముగిసిన దేశాల్లో మహిళలు, ఎల్జీబీటీ వాళ్ల రక్షణ కోసం పని చేస్తానంటోంది. ఇది ఉద్యోగమా, సేవా? మాకు టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి

జవాబు: ఉద్యోగమేనమ్మా, జీతం కూడా ఉంటుంది. కాకపోతే ఎక్కువగా కాంట్రాక్టు పనులే. గవర్నమెంటు ఉద్యోగంలో ఉండే నిశ్చింత ఇందులో ఉండదు.

ఈ పని ఎలాంటిదో తెలియాలంటే అమ్మాయిని దక్షిణ అమెరికాలోని కొలంబియా గురించి చదవమనండి. అక్కడి ప్రభుత్వం, దానిపై దశాబ్దాలు పోరాడిన ఫార్క్ గెరిల్లాలు క్యూబా రాజధాని హవానాలో శాంతి చర్చలు జరుపుతున్నప్పుడు, 2014లో జెండర్ ఉపసంఘం ఒకటి ఏర్పడింది. మహిళల, ఎల్జీబీటీల సమస్యలు ఒప్పందంలోకి వచ్చింది దాని చలవే. 2016 అక్టోబరు 2న ఒప్పందం కావాలా అని ప్రజల్ని ఓటు అడిగితే కొద్ది తేడాతో 'వద్దు' గెలిచింది. ఈ ఒప్పందం కుటుంబాల్ని చెడగొడుతుందన్న ప్రచారం కూడా ఓ కారణం. దాన్ని సవరించి నవంబరులో మళ్లీ సంతకాలు చేశారు. ఆ ఒప్పందంతో పుట్టిన ప్రత్యేక న్యాయస్థానం 2023లో లైంగిక హింస మీద, ఎల్జీబీటీలపై ద్వేషంతో జరిగిన నేరాల మీద 11వ కేసు తెరిచింది. కొలంబియా డివర్సా, కరీబే అఫిర్మతివో లాంటి ఎల్జీబీటీ హక్కుల సంస్థలు బాధితుల కథనాలు సేకరించి ఇవ్వకపోతే అంతదూరం వచ్చేది కాదు.

ఉద్యోగాలు ఉన్నది ఇలాంటి పనుల్లోనే. వాంగ్మూలం తీసుకోవడం, కేసు కట్టడం, కౌన్సెలింగ్, అనువాదం. ఎవరి పేరూ బయటికి పొక్కకుండా చూడటం వీటన్నిటికంటే కష్టం. పేరు తెలిస్తే ఆ మనిషి మళ్లీ ఊళ్లో ఉండలేకపోవచ్చు.

అందుకే 'పీస్ స్టడీస్' పీజీ ఒక్కటే చాలదంటాను. లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయమనండి, లేదా సోషల్ వర్క్. పక్కన స్పానిష్ గానీ ఫ్రెంచ్ గానీ నేర్చుకోవాలి. హైదరాబాద్‌లోని విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో రెండూ ఉన్నాయి. మహిళలు, శాంతి, భద్రత గురించి ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2000లో చేసిన 1325వ తీర్మానం కూడా చదవాలి. అందులో మహిళలున్నారు, ఎల్జీబీటీల ప్రస్తావన లేదు. ఐక్యరాజ్యసమితి సచివాలయం ఇంటర్న్‌షిప్ అంటే పిల్లలు ఎగిరి గంతేస్తారు గానీ అక్కడ స్టైపెండ్ ఇవ్వరు. న్యూయార్క్ అద్దె మీరే కట్టాలి!

ప్రమాదం సంగతి: ఎక్కువ ముప్పు ఆ ఊళ్లలోనే ఉండి పని చేసే స్థానిక కార్యకర్తలకే. మీ అమ్మాయికి ముందు ఇక్కడే అనుభవం కావాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్‌గా చేరొచ్చేమో ఈ వేసవిలోనే అడిగి చూడండి.