ఈసీఎం పోయిందా, పోయిందన్నారా?

ప్రశ్న: మాది 2009 మోడల్ పెట్రోల్ కారు. ఎండపూట ట్రాఫిక్‌లో అరగంట నడిచాక దానంతటదే ఆగిపోతోంది. పావుగంట ఆగితే మళ్లీ స్టార్టవుతోంది. ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ డబ్బా) పోయిందని, బయట రిపేర్ చేయించానని మెకానిక్ 14,500 రూపాయలు తీసుకున్నాడు. ఇరవై రోజులకే మళ్లీ అదే వరస. ఇప్పుడు సెకండ్‌హ్యాండ్ ఈసీఎం వేయాలంటున్నాడు. మోసపోతున్నానా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: మోసమో, పని తెలియకపోవడమో ఇక్కణ్నుంచి తేల్చలేం. కానీ మీరు రాసిన లక్షణానికి ముందే ఈసీఎం మీద పడటం పద్ధతి కాదు. వేడికి ఆగి, చల్లారాక స్టార్టయ్యే బండిలో తొలి అనుమానం క్రాంక్ సెన్సార్ (ఇంజిన్ తిరుగుతోందని ఈసీఎంకు చెప్పేది) మీద, తర్వాత మెయిన్ రిలే (ఈసీఎంకు కరెంటు కలిపే స్విచ్చు), పెట్రోల్ పంపు మీద ఉండాలి. సెన్సార్ లోపలి కాయిల్ తీగ వేడికి విడిపోయి, చల్లబడితే మళ్లీ కలుస్తుంది. ఈసీఎం బోర్డు మీద టంకం వీడినా ఇలాగే ఉంటుంది కాబట్టి, ఆయన మాట జరగరానిదేం కాదు. రుజువు చూపించమనండి, అంతే.

ఆ రుజువు బండి ఆగిన పావుగంటలోనే దొరుకుతుంది. చల్లారిన బండిని షెడ్డుకు తీసుకెళ్లి స్కానర్ (ఈసీఎం సమాచారం చదివే పరికరం) పెడితే చాలాసార్లు ఏమీ దొరకదు. ఆగిన చోటే కీ ఆన్ చేసి చెక్ ఇంజిన్ లైటు చూడండి. వెలగకపోతే బల్బు, ఫ్యూజు, మెయిన్ రిలే, ఎర్త్ (బ్యాటరీ మైనస్‌కు కలిసే లైను) చూశాకే ఈసీఎం వంతు. వెలిగితే స్కానర్ కలిపి, సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) చదవాలి. ఇంజిన్ తిరుగుతున్నా సున్నా చూపిస్తే క్రాంక్ సెన్సార్, దాని కప్లర్ (వైరును కలిపే ప్లగ్గు), వైరు చూడాలి. 200 దరిదాపుల్లో చూపిస్తుంటే ఆ సిగ్నల్ అందుతున్నట్టే, ఇక స్పార్కు, పెట్రోల్ ప్రెషర్ వైపు వెళ్లాలి. స్కానర్‌తో మాట్లాడుతున్న ఈసీఎంను ‘పూర్తిగా చచ్చిపోయింది’ అంటే మాత్రం నమ్మకండి.

ఎర్త్‌ను బల్బుతో చూసి సరే అనేస్తారు చాలామంది. అది చాలదు. సెల్ఫ్ కొడుతుండగా ఈసీఎం ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య మల్టీమీటర్ పెడితే 0.2 వోల్టు దాటకూడదు. దాటితే బాడీ ఎర్త్ బోల్టు విప్పి, తుప్పు గీకి బిగించాలి. అది వందల రూపాయల పని.

ఇంకొకటుంది, ఇక్కడే ఎక్కువ ఈసీఎంలు అన్యాయంగా బయటికి పోతాయి. సెన్సార్లకు ఈసీఎం 5 వోల్టులిస్తుంది. అది రాకపోతే ‘ఈసీఎం పోయింది’ అనేస్తారు. ఆ లైను మీదున్న సెన్సార్ల కప్లర్లు ఒక్కొక్కటే పీకుతూ మీటరు చూడమనండి. ఏదో ఒకటి పీకగానే 5 వోల్టులు తిరిగొచ్చాయంటే ఆ సెన్సారే లోపల షార్టయి లైనును కిందికి లాగుతోంది. ఈసీఎం నిక్షేపంగా ఉన్నట్టు.

పోనీ, మొదటిసారి నిజంగానే రిపేర్ చేశారనుకుందాం. బోర్డు మీద ఏ భాగం మార్చారు? అది ఎందుకు కాలింది? ఇగ్నిషన్ కాయిల్ షార్టయినా, ఆల్టర్నేటర్ చార్జింగ్ 15 వోల్టులు దాటినా, ఆ కారణం తీయకుండా ఈసీఎం మాత్రమే బాగుచేస్తే మళ్లీ పోతుంది. ఈ రెండు ప్రశ్నలకు తడబడే మనిషికి రెండో ఈసీఎం డబ్బు ఇవ్వకండి.

ప్రశ్న: నా పాత కారుకు 18,000కి సెకండ్‌హ్యాండ్ ఈసీఎం వేశారు. అరగంటలో అయిపోయింది, పాత తాళంతోనే స్టార్టయింది. అసలు మార్చారా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మంచి అనుమానమేనండి. ఇమ్మొబిలైజర్ (సరైన తాళం కాకపోతే ఇంజిన్‌ను నడవనివ్వని ఏర్పాటు) ఉన్న కారులో చాలావరకు తాళంలోని చిప్‌కూ ఈసీఎంకూ జత కలిసి ఉంటుంది. వేరే బండి ఈసీఎం తగిలిస్తే ఇంజిన్ అంటుకోదు, అంటుకున్నా వెంటనే ఆగిపోతుంది. పాత తాళం పనిచేసిందంటే చాలావరకు మూడింటిలో ఒకటి జరిగి ఉంటుంది: పాత బోర్డులోని మెమరీ చిప్ డేటాను కొత్తదాంట్లోకి ఎక్కించారు, లేదా ఇమ్మొబిలైజర్‌నే తీసేశారు, లేదా ఏమీ మార్చలేదు. డేటా ఎక్కించడం న్యాయమైన పనే. రెండోదైతే దొంగకు తలుపు తీసినట్టు. చిప్ లేని సాదా డూప్లికేట్ తాళం కోయించి, మీ అసలు తాళం ఇంట్లో వదిలి, దాంతో స్టార్ట్ చేసి చూడండి. నడుస్తూనే ఉంటే ఇమ్మొబిలైజర్ లేనట్టే. మూడోదాన్ని తేల్చేది స్టిక్కర్ మీది సీరియల్ నంబరు. పాతదాని ఫొటో లేకపోతే, తీసిన ఈసీఎంను తెచ్చిమ్మని అడగండి. అది మీ వస్తువే.

రాణిగంజ్‌లోనో ఆటోనగర్‌లోనో సెకండ్‌హ్యాండ్ ఈసీఎంను మీరే వెతుక్కుంటే పార్ట్ నంబరు చివరి అక్షరం దాకా కలవాలి. పైకి ఒకేలా కనబడే డబ్బాల్లో ప్రోగ్రాం వేరుగా ఉండొచ్చు.

ప్రశ్న: బిల్లు అడిగితే ‘చిన్న షెడ్డు, బిల్లుండదు’ అంటున్నారు.
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాల్సొస్తే సమస్య తలెత్తిన రెండేళ్లలోగా వెళ్లాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. నగదు ఇవ్వకుండా యూపీఐలో కట్టి, వాట్సాప్‌లో ‘ఈసీఎం రిపేరుకు ఇంత పంపాను, వారంటీ ఎన్ని నెలలు?’ అని అడగండి. ఆయన ‘మూడు నెలలు సార్’ అని బదులిస్తే అది కూడా సాక్ష్యంగా పనికొస్తుంది.