లావు గుండ్రటి అక్షరంతో శీర్షిక కట్టేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు పంపిన పిల్లల పుస్తకం కవర్ చూశాను. శీర్షికకు బాలూ తమ్ముడు 2 అనే లావు గుండ్రటి ఫాంటు తీసుకోవడం బాగుంది. ఫాంట్లు గీసే ఏక్ టైప్ సంస్థ వాళ్లు మన దేశంలోని లిపులకు తలా ఒక బాలూ గీశారు: తమిళానికి తంబి, కన్నడానికి తమ్మ, మనకు తమ్ముడు. లైసెన్సు ఓపెన్, అమ్మే పుస్తకం మీదా నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఇంగ్లీషులో ఈ లావు గుండ్రటి జాతికి పేరు తెచ్చింది 1922లో వచ్చిన కూపర్ బ్లాక్, షికాగో ఆస్వాల్డ్ కూపర్ గీసింది. దాని అక్షరాలను ఒకదానికొకటి ఆనించి పేర్చినా అందంగానే ఉంటుంది. తెలుగులో మాత్రం అక్షరాల మధ్య దూరం తగ్గించకు. మనవి పుట్టుకతోనే గుండ్రం, పైన తలకట్టు, గుడి, కింద ఒత్తు. లావెక్కేకొద్దీ ముందు పూడేది కడుపులోని ఖాళీయే.

నీ 'కథలు' చూడు. థకీ ధకీ తేడా లోపలి చుక్క ఒక్కటే. కవర్ మీద పెద్ద సైజు కాబట్టి సరిపోయింది. పుస్తకం వెన్ను మీద కూడా అదే ఎక్స్‌ట్రాబోల్డ్‌ని, అంటే అన్నిటికంటే లావు మందాన్ని, 14 పాయింట్లలో పెట్టావు. అచ్చులో సిరా కాస్త పరుచుకుంటే చాలు, చుక్క చుట్టూ తెలుపు పోయి 'కధలు' అయి కూర్చుంటుంది. పిల్లలు దాన్నే నేర్చుకుంటారు, ఇది చిన్న తప్పు కాదమ్మా. ఈ ఫాంటులో ఐదు మందాలున్నాయి కదా, వెన్నుకు మధ్యస్థమైన సెమీబోల్డ్ చాలు. అసలు సైజులో ప్రింటు తీసి, గోడకు అంటించి, నాలుగడుగుల దూరం నుంచి చదివి చూడు.

అక్షరాల చుట్టూ 4 పాయింట్ల అంచు వేశావు. అందులో 2 అక్షరం ఒంటిని తింటుంది, 2 ఖాళీల్లోకి చొరబడుతుంది. అక్షరాల కాపీ ఒకటి వెనక పెట్టి అంచు దానికి వెయ్యి, అంచు మూలలు గుండ్రంగా వచ్చేలా రౌండ్ జాయిన్ ఎంచుకో. అప్పటికీ ఖాళీలు ఇరుకైతే వాటిని అంచు రంగుతోనే నింపెయ్యి.

పై వరసలో 'అమ్మమ్మ', కింద 'చెప్పిన కథలు'. మ ఒత్తు వచ్చి 'చె' మీది ఎత్వాన్ని గుద్దుతోంది. 60 పాయింట్ల అక్షరానికి వరస దూరం 90తో మొదలుపెట్టి తగ్గించుకుంటూ రా. గీత మందంలో సగమైనా తెలుపు మిగలాలి. అంతకీ కుదరకపోతే కింది వరసను కొంచెం పక్కకు జరుపు.

పేజీలు కట్టే ఇన్‌డిజైన్‌లో ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటే తప్పు ఫాంటుది కాదు. పారాగ్రాఫ్ మెనూలో వరల్డ్-రెడీ కంపోజర్ పెట్టు. డీటీపీ వాళ్లు అను అనే పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొట్టిచ్చిన మేటర్ అయితే ముందు యూనికోడ్‌లోకి మార్పించు.

లోపలి కథకు ఇది వద్దు, రెండు పేజీలకే కళ్లు బరువెక్కుతాయి. మండలి లాంటి సన్నటి ఫాంటు పెట్టు. శ్రద్ధాంజలి పేజీకీ బాలూ నవ్వు ముఖం నప్పదు.

ఇదే శీర్షికను స్టాల్ బోర్డుకు వినైల్‌లో కోయిస్తానన్నావు. అక్షరాలను గీతల ఆకారాలుగా (అవుట్‌లైన్లు) మార్చి, ఒకదాని మీద ఒకటి పడ్డ ఆకారాలను కలిపి ఒకటిగా (యునైట్) చేసి ఇవ్వు. లేకపోతే కట్టర్ ఆ లోపలి గీతలనూ కోసేస్తుంది. గుండ్రటి మూలలు కాబట్టి స్టిక్కరు అంచులు తొందరగా లేవవు.

ఆశీస్సులతో,
పెదనాన్న