ఒక్కరికే రిపోర్టు తప్పుగా వస్తుంటే ముందు తేదీలు చూడండి

మీరు చెప్పినదాన్ని బట్టి అప్లికేషన్ మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ ప్రోగ్రామ్ యాక్సెస్‌లో చేసింది, డేటా సర్వర్ ఫోల్డర్‌లో ఉంది. అందరికీ బాగానే నడుస్తోంది. కొత్తగా చేరిన అకౌంటెంట్‌కి మాత్రం తేదీలవారీ రిపోర్టు కొన్నిసార్లు ఖాళీగా, కొన్నిసార్లు వేరే రోజుల లెక్కలతో వస్తోంది. ఎంఎస్ ఆఫీస్ తీసేసి మళ్లీ వేసినా మార్పు లేదు. ఇంకోసారి వేయకండి, లాభం ఉండదు. ఏ తేదీలకు తప్పుతోందో ఒక కాగితం మీద రాయించండి. 12 లోపు తేదీలకే తప్పి, 13 నుంచి సరిగ్గా వస్తుంటే కారణం దాదాపు దొరికినట్టే.

గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి నేను సాఫ్ట్‌వేర్ పనులు చూసేటప్పుడు అచ్చం ఇదే వచ్చింది. మార్చి నెల, సరుకు బాగా దిగే రోజులు. మార్చి 5న దిగిన టిక్కీల (మిర్చి బస్తాల) జాబితా అడిగితే కొత్తగా చేరినావిడ సిస్టమ్‌లో ఖాళీ పేజీ. మార్చి 2 అడిగితే ఫిబ్రవరి 3 నాటి లాట్లు వచ్చాయి. మార్చి 3కి మాత్రం లెక్క కరెక్టు! మార్చి 14, 15 తేదీలకూ కరెక్టే. అంటే రోజు, నెల తారుమారవుతున్నాయి. మార్చి 5ని మే 3 అనుకుంటోంది, మే ఇంకా రాలేదు కాబట్టి పేజీ ఖాళీ.

అప్పటికే ఆవిడకి తేదీ కొట్టడం రాదని ఆఫీసంతా తేల్చేశారు. అది నాకు చాలా బాధనిపించింది. ఆ ఫారంలో తేదీ కొట్టే పనే లేదు, క్యాలెండర్ మీద నొక్కి ఎంచుకోవడమే.

అసలు సంగతి కోడ్‌లో ఉంది. యాక్సెస్ ఎస్‌క్యూఎల్‌లో, అంటే డేటాని అడిగే భాషలో, హ్యాష్ (#) గుర్తుల మధ్య ఉన్న తేదీని, విండోస్‌లో ఏ సెట్టింగ్ ఉన్నా, ముందు నెల తర్వాత రోజు అన్న వరసలోనే చదువుతుంది. ముందున్న అంకె 12 దాటితే నెలగా కుదరదు కాబట్టి అప్పుడు మాత్రం దాన్ని రోజుగా తీసుకుంటుంది. ఎర్రర్ ఏమీ చూపించదు. ఫారంలోని తేదీని కోడ్‌లో నేరుగా ఆ హ్యాష్‌ల మధ్య అతికిస్తే, అది విండోస్ రీజియన్ సెట్టింగ్‌లో ఉన్న వరసలో వెళ్తుంది. పాత సిస్టమ్‌లన్నిటిలో రీజియన్ యునైటెడ్ స్టేట్స్‌గానే వదిలేశారు, అందుకే ఇన్నాళ్లూ బయటపడలేదు. ఆవిడ సిస్టమ్‌లో ఇండియా అని ఉంది. సరిగ్గా పెట్టిన సిస్టమ్‌లోనే తప్పు కనిపించిందన్నమాట.

ఇది నిర్ధారించుకోవడానికి మనుషుల్ని కుర్చీలు మారిస్తే చాలదు. అప్లికేషన్ లాగిన్, విండోస్ లాగిన్, కంప్యూటర్ వేర్వేరు. ఒక్కోసారి ఒక్కటే మార్చి చూడాలి. రీజియన్ సెట్టింగ్ విండోస్ లాగిన్‌ని అంటుకుని ఉంటుంది. కాబట్టి మీ అకౌంటెంట్ విండోస్ లాగిన్‌లో ఇంకొకరు అప్లికేషన్ తెరిచినా తప్పే రావాలి, మీ అకౌంటెంట్ వేరొకరి సిస్టమ్‌లో వాళ్ల విండోస్ లాగిన్‌తో కూర్చుంటే సరిగ్గా రావాలి. మాకు అలాగే వచ్చింది.

దయచేసి మీ అకౌంటెంట్ రీజియన్‌ని అమెరికాకి మార్చి చేతులు దులుపుకోకండి. ఎక్సెల్‌లో తేదీలు గందరగోళమవుతాయి, రేపు ఇంకో కొత్త సిస్టమ్ కొంటే మళ్లీ ఇదే గొడవ. కోడ్‌లో తేదీని అతికించే ప్రతిచోటా ఫార్మాట్ ఫంక్షన్‌తో సంవత్సరం, నెల, రోజు వరసలో పంపండి. లేదా తేదీని అక్షరాలుగా అతికించకుండా విలువగా విడిగా అందించే పారామీటర్ క్వెరీ వాడండి, నాకు అదే ఇష్టం.

దానికంటే ముందు బ్యాకప్ తీసి ఇంకొకటి చూడాలి. ఇదే పద్ధతిలో అతికించిన తేదీతో కొత్త ఎంట్రీలు కూడా టేబుల్‌లోకి వెళ్తుంటే, తప్పు తేదీలు ఇప్పటికే డేటాలో పడి ఉంటాయి. కోడ్ సరిచేసినా అవి సర్దుకోవు. మాకు రిపోర్టు వడపోతలోనే తేడా ఉంది, డేటా పాడవలేదు. మీకూ అంతేనని అనుకోకండి. మీ అకౌంటెంట్ చేసిన ఎంట్రీల్లో 12 లోపు తేదీలున్నవాటిని తీసి గేట్ పాస్‌లతో గానీ, మీ దగ్గరున్న అసలు రసీదులతో గానీ పోల్చి చూడండి.

తేదీల తీరు ఇలా లేకపోతే వేరే దారి. బటన్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేకపోతే ఆ సిస్టమ్‌లో మాక్రోలు (బటన్ల వెనక పని చేసే కోడ్) ఆగిపోయి ఉంటాయి. ఫైల్ మెయిల్‌లో వచ్చినదైతే దాని ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ చేయాలి. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోలను 2022 నుంచి ఎంఎస్ ఆఫీస్ ఆపేస్తోంది. ఎంట్రీ సేవ్ కాకుండా రీడ్ ఓన్లీ అంటే, సర్వర్ ఫోల్డర్‌లో మీ అకౌంటెంట్‌కి రాసే హక్కు ఉందో లేదో చూడండి. ఎవరెవరు డేటా తెరిచారో గుర్తుపెట్టుకునే లాక్ ఫైల్ అక్కడే తయారవుతుంది కాబట్టి డేటా ఫైల్ ఒక్కదానికే హక్కు ఇస్తే సరిపోదు, ఫోల్డర్‌కే ఇవ్వాలి. చిన్న చిన్న ఫంక్షన్లకే ప్రాజెక్ట్ ఆర్ లైబ్రరీ దొరకలేదని ఎర్రర్ వస్తే, వీబీఏ (యాక్సెస్‌లో కోడ్ రాసే చోటు) తెరిచి అందులో టూల్స్ కింద రిఫరెన్సెస్ తెరిచి మిస్సింగ్ అని చూపించే లైను ఉందేమో వెతకండి.