ఓడ దిగాక ఏం చూడాలన్నది తర్వాత, ముందు నాన్నగారి పాలసీ తీయండి

ప్రశ్న: ఫ్లోరిడాలోని టాంపాలో ఉంటున్నాం. నాది హెచ్1బి వర్క్ వీసా. గుంటూరు నుంచి అమ్మానాన్నలు వచ్చారు. జూలైలో ఐదుగురం మయామీ నుంచి కరీబియన్ క్రూజ్‌కి వెళ్తున్నాం, టికెట్ల డబ్బు కట్టేశాం. మెక్సికోలోని కోజుమెల్ దీవిలో ఒక రోజు ఆగుతుంది. నాన్నకు 71 ఏళ్లు, స్టెంట్ వేశారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఇద్దరికీ బీచ్ అక్కర్లేదు. ఓడవాళ్ల తులుమ్ (మాయా జాతి శిథిలాలున్న ఊరు) టూర్, ఓడలో ఇంకో రెండు ఖర్చులు కలిపి 1,400 డాలర్లు అవుతోంది. మా నెల ఖర్చు 4,800, సేవింగ్స్‌లో 3,000 ఉన్నాయి. అవి కదపకుండా వాయిదాల యాప్‌లోనో, 401కె (రిటైర్మెంట్ పొదుపు) లోన్‌తోనో కట్టొచ్చా? బీచ్ కాకుండా ఇంకేం చూడొచ్చు? పెద్దవాళ్లకు విజిటర్ ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి ఆ బెంగ లేదు.

జవాబు: చివర్లో 'ఆ బెంగ లేదు' అన్నారే, ఆ మాట కోసమే మీకు జవాబు రాస్తున్నాను. తల్లిదండ్రులను అమెరికా పిలిపించుకున్న మనవాళ్లలో చాలామంది ఇదే అంటారు. పాలసీ తీసి చదివారా అంటే మాత్రం ఈమెయిల్‌లో ఎక్కడో ఉంది అంటారు.

ఇవాళే వెతికి మూడు చోట్ల చూడండి. మొదటిది, అమెరికా గడప దాటాక పాలసీ పనిచేస్తుందా? కొన్ని అసలు పనిచేయవు, కొన్ని కొద్ది రోజులే ఒప్పుకుంటాయి. కోజుమెల్ మెక్సికో, ఓడ నడిసముద్రంలో ఉంటుంది. రెండోది, పాత జబ్బుల సంగతి. స్టెంట్ ఉన్న మనిషికి గుండెనొప్పి వస్తే అది పాత జబ్బే. హఠాత్తుగా ముదిరితే కొంత ఇస్తామనే పాలసీలున్నాయి, వాటిలోనూ వయసు 70 దాటితే ఆ పరిమితి బాగా తగ్గిపోవడం మామూలే. మూడోది, అది ఫిక్స్‌డ్ ప్లానా? అయితే ఎమర్జెన్సీకి ఇంత, గదికి ఇంత అని రాసిపెట్టిన లెక్కే ఇస్తారు, బిల్లు ఎంతైనా వాళ్లకు పట్టదు. చవగ్గా దొరికిందని మనవాళ్లు కొనేవి చాలావరకు ఇవే.

ఓడలో డాక్టరుంటారు. కానీ ఆ బిల్లు మీ గది ఖాతాలో పడుతుంది, అంటే మీ కార్డు మీద. దిగాక క్లెయిమ్ మీరే పెట్టుకోవాలి. దీవిలో ఆసుపత్రికి వెళ్తే అడ్వాన్సు అడుగుతారు. అక్కడి నుంచి ఎయిర్ అంబులెన్సులో ఫ్లోరిడాకు తేవాల్సి వస్తే పదుల వేల డాలర్లు. మీ దగ్గరున్నది మూడు వేలు. అందుకే మెడికల్ ఎవాక్యుయేషన్ (రోగిని తరలించే ఖర్చు) ఉన్న ట్రావెల్ పాలసీ విడిగా తీసుకోండి. అమెరికాలో నివాసం లేనివాళ్లకు ఇస్తారా, స్టెంట్‌కు వర్తిస్తుందా అని కొనకముందే అడిగి, జవాబు రాతలో తెప్పించుకోండి. ఆ ప్రీమియం మీ సేవింగ్స్‌లోంచే కట్టండి, దాన్ని కదపడానికి నాకేమీ అభ్యంతరం లేదు.

ఇక అప్పు. వద్దు. ఒక రోజు షికారుకి రిటైర్మెంట్ డబ్బు మీద లోనా? ఉద్యోగం పోతే హెచ్1బి మీద మీరు అమెరికాలో ఉండగలిగేది గరిష్ఠంగా 60 రోజులు. 401కె అప్పులో మిగిలింది గడువులోగా తీర్చలేకపోతే దాని మీద పన్ను, వయసు 59½ దాటకపోతే సాధారణంగా పైన 10 శాతం పెనాల్టీ. వాయిదాల యాప్ ఇంకో రకం ఉరి. ఒక నెల ఖర్చుకు కూడా చాలని సేవింగ్స్ ఉన్న ఇంట్లో కొత్త వాయిదా ఎందుకండీ?

అప్పు లేకుండానే చూసేవి ఉన్నాయి. దీవి మధ్యలో సాన్ హెర్వాసియో అని మాయా జాతి వాళ్ల పాత ఆలయాల శిథిలాలున్నాయి. ఇష్‌చెల్ అనే దేవత క్షేత్రం. పిల్లలు కలగాలని, కాన్పు సుఖంగా జరగాలని ఆడవాళ్లు సముద్రం దాటి మొక్కుకోవడానికి వచ్చేవారట. అమ్మగారికి ఈ కథ చెప్పి చూడండి, తులుమ్ ఊసెత్తరు. రేవు నుంచి టాక్సీలో వెళ్లొచ్చు. మీటర్లుండవు, ఎక్కకముందే రానూపోనూ రేటు మాట్లాడుకోండి. ఎండ, దోమలు రెండూ ఎక్కువే, కాబట్టి పొద్దున్నే వెళ్లండి. తర్వాత సాన్ మిగేల్ ఊళ్లో సముద్రం ఒడ్డునే మ్యూజియం ఉంది, నడవలేకపోతే చౌక్‌లో బెంచీ మీద కూర్చున్నా పొద్దుపోతుంది.

తులుమ్ దీవిలో లేదు, అవతలి ఒడ్డున ఉంది. ఫెర్రీ ముప్పావు గంట, ఆపైన బస్సు, మళ్లీ అంతా వెనక్కి, మధ్యలో మిట్టమధ్యాహ్నం నడక. స్టెంట్, మోకాళ్లు రెండూ ఉన్న కుటుంబానికి అది టూరు కాదు, శిక్ష. తప్పదనుకుంటే ఓడవాళ్లతోనే వెళ్లండి, వాళ్ల బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. మీ టాక్సీ కోసం ఆగదు.

ఒక్కటి గుర్తుంచుకోండి. జూలైలో కోజుమెల్ గడియారం మయామీ కన్నా గంట వెనక ఉంటుంది. ఫోను అక్కడి టైము చూపిస్తుంది, ఓడ మయామీ టైముతోనే నడుస్తుండవచ్చు. ఫోను చూసుకుని తీరిగ్గా వస్తే ఓడ వెళ్లిపోయి ఉంటుంది. దిగేటప్పుడు గేటు దగ్గర ఓడ టైము అడిగి నాన్నగారి చేతిగడియారం దానికి సరిచేయండి.

మెక్సికో నుంచి మళ్లీ అమెరికాలోకి రావాలి కాబట్టి మీ వీసా స్టాంపు గడువు కూడా లాయరుతో ఓసారి సరిచూసుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ మాత్రం ఈ రాత్రే పెట్టండి. వాళ్ల జవాబు వచ్చేదాకా ఏ టూరూ బుక్ చేయొద్దు.